త్రాసులో ఆత్మ

కోసలదేశంలో సేతవ్య అనే పట్టణాన్ని ఏలిన పాయాసి అనే దొరకు ఒక పట్టుదల ఉండేది. పరలోకం లేదు, చచ్చినవాడు మళ్ళీ పుట్టడు, చేసిన కర్మకు ఫలం అనుభవించడానికి ఎవడూ మిగలడు అని ఆయన వాదం. వాదంతో ఊరుకోక ఆయన పరీక్షలు కూడా చేశాడు. దొరికిన దొంగను సజీవంగా ఒక కాగులో పెట్టించి, మూతికి తడితోలు బిగించి, పైన దట్టంగా మట్టి మెత్తించి, పొయ్యి మీదికి ఎక్కించాడు. వాడు చచ్చాడని నిశ్చయమైన తరువాత కాగును దింపించి, మూత మెల్లగా విప్పించి, జీవుడు బయటికి పోతాడేమోనని కాచుకొని చూశాడు. ఏమీ పోలేదు. మరొక దొంగను బ్రతికి ఉండగా తూచి, ఊపిరాడకుండా చేసి చంపించి, మళ్ళీ తూచాడు. జీవుడు పోయిన శవం తేలిక కావలసింది పోయి బరువెక్కిందని ఆయన సాక్ష్యం. పాళీ దీఘనికాయంలో ఉన్న కథ ఇది. పేర్లు కొద్దిగా మారి జైనుల ఆగమాలలోనూ ఉన్నది.

పాయాసికి బదులు చెప్పినవాడు కుమార కస్సపుడనే భిక్షువు. ఇనుపగుండును ఎర్రగా కాలిస్తే అది తేలికై మెత్తబడుతుంది, చల్లారితే బరువెక్కి గట్టిపడుతుంది, శరీరమూ అంతే అన్నాడాయన. కాలిన ఇనుము తేలిక అవుతుందన్నది భౌతికశాస్త్రం ఒప్పుకోని మాట. కానీ ఆయన చెప్పిన మరొక దృష్టాంతం అంత సులభంగా త్రోసివేయదగినది కాదు. అగ్నిని ఆరాధించే ఒక తాపసి పొరుగూరికి పోతూ, నిప్పు ఆరిపోతే అరణితో మళ్ళీ రగిల్చుకోమని శిష్యుడైన కుర్రవానికి చెప్పి వెళ్ళాడు. ఆటలో పడి కుర్రవాడు నిప్పు ఆర్పుకున్నాడు. అరణిలో నిప్పు ఉన్నదని గురువు చెప్పాడు గదా అని దానిని గొడ్డలితో రెండుగా చీల్చాడు, పది ముక్కలు చేశాడు, రోట్లో వేసి దంచాడు, చివరకు గాలికి తూర్పారబట్టాడు. నిప్పు దొరకలేదు. దొర చేసిన పరీక్షలు ఈ కుర్రవాని వెదుకులాట వంటివని భిక్షువు తాత్పర్యం. ఆత్మ లేదని చెప్పే బౌద్ధం తరఫున ఒక భిక్షువు ఈ వాదానికి దిగడం వింతగా తోచవచ్చు. ఆయన నిలబెట్టదలచినది కర్మఫలాన్ని, పరలోకాన్ని, శాశ్వతాత్మను కాదు.

దొర పోయినా ఆయన త్రాసు పోలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, హేవర్‌హిల్ పట్టణంలో డంకన్ మెక్‌డూగల్ అనే వైద్యుడు మరణాసన్నులైన ఆరుగురు రోగులను మంచంతో సహా త్రాసు మీదికి ఎక్కించి, ప్రాణం పోయే క్షణం కోసం ముల్లు చూస్తూ కూర్చున్నాడు. 1907లో ఫలితాలు ప్రకటించాడు. మొదటి రోగి విషయంలో బరువు ముప్పాతిక ఔన్సు, అనగా సుమారు 21 గ్రాములు, తగ్గిందన్నాడు. ఆరుగురిలో ఇద్దరి లెక్కలు పనికిరావని తానే విడిచిపెట్టాడు. మిగిలిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 15 కుక్కలను కూడా ఇట్లాగే తూచి, వాటికి బరువు తగ్గలేదు కనుక మనిషికి ఉన్నదేదో వాటికి లేదని ఊహించాడు. శాస్త్రలోకం ఈ తూకాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ 21 గ్రాములు మాత్రం లోకుల నోళ్ళలో నిలిచిపోయి, 2003లో ఒక చలనచిత్రానికి పేరు కూడా అయినవి.

వైద్యుడు ఆస్తికుడు, దొర నాస్తికుడు. పొరపాటు మాత్రం ఇద్దరిదీ ఒకటే. తూకానికి దొరికినది ద్రవ్యమే అవుతుంది గాని ద్రవ్యాతీతం కాజాలదు. మెక్‌డూగల్ ప్రయోగం నూటికి నూరుపాళ్ళు ఫలించి ఉంటే, మనిషి దేహంలో అంతవరకు ఎవరికీ తెలియని ఒక పదార్థం ముప్పాతిక ఔన్సు ఉన్నదని మాత్రమే తేలేది. ఆత్మను నమ్మేవారికి అంతకుమించిన ఓటమి ఉండదు. ఆత్మ భౌతికం కాదని వాదించదలచినవారు వెదకవలసిన చోటు మృత్యుశయ్య కానే కాదు. బ్రతికి ఉన్నవాడు చూడడం, తాకడం, తలచుకోవడం అనే నిత్యకృత్యాలే ఈ వాదానికి అసలైన రంగం. ఈ సంగతి ఈ దేశపు నైయాయికులు పట్టుకున్నంత గట్టిగా మరెవరూ పట్టుకోలేదేమో!

ముందుగా ప్రతిపక్షాన్ని న్యాయంగా వినడం మర్యాద. తమలపాకు ఆకుపచ్చన, సున్నం తెల్లన. వక్కలోనూ ఆ ఎరుపు లేదు. మూడింటినీ కలిపి నమిలితే నోరు ఎర్రబడుతుంది. విడివిడిగా ఏ ఒక్కదానిలోనూ లేని గుణం కలయికలో పుట్టినట్లే, భూతాల కలయికలో చైతన్యం పుట్టిందని చార్వాకులు అన్నారు. తాంబూలం వేసుకున్న ప్రతివాడూ అద్దంలో చూచుకోగల దృష్టాంతం ఇది. నేటి శాస్త్రజ్ఞులు నాడీకణాల సంఘటన నుండి చైతన్యం ఉద్భవిస్తుందని చెప్పేటప్పుడు పరిభాష మారుతుందే గాని, వాదపు ఎముకలగూడు చాలవరకు ఆ తాంబూలానిదే.

దీనికి నైయాయికులు ఇచ్చిన సమాధానం రెండంచెలది. మొదటిది కొంత బలహీనం. రంగు వంటి దేహగుణాలు దేహం ఉన్నంతవరకు ఉంటాయి, చైతన్యమో శవంలో లేదు, కనుక అది దేహగుణం కాదు అన్నారు. కుండ ఆవంలో కాలితే నలుపు పోయి ఎరుపు వస్తుంది, కుండ మాత్రం అదే గదా అని ప్రతివాది అప్పుడే అడగనే అడిగాడు. దానికి వారు ఇచ్చిన బదులు పాండిత్యానికి ఉదాహరణ గాని, మనసుకు సమాధానం కాదు.

రెండవది వేరు జాతికి చెందినది. కంటితో చూచిన కుండనే చేతితో తాకుతున్నానని ప్రతివాడికీ అనుభవం. కన్నుకు స్పర్శ తెలియదు, చర్మానికి రూపం తెలియదు. మరి చూచినదీ తాకినదీ ఒకటే అని గుర్తించినది ఏది? రెండింటిలో ఏదీ కాలేదు. పుల్లమామిడికాయ చెట్టున కనబడితే నోరూరుతుంది. చూచినది కన్ను, ఊరినది నాలుక. నిరుడు తిన్న కాయ పులుపును ఈనాడు చూచిన కాయ రంగుతో ముడివేసినవాడొకడు ఉండాలి. ఎడమకంటితో చూచినదానిని కుడికంటితో చూచి ఇది అదే అనడమూ ఇట్టిదే. గౌతముని న్యాయసూత్రాలలో మూడవ అధ్యాయం ఈ ఉదాహరణలతోనే మొదలవుతుంది. వాటిని విప్పి చెప్పిన వాత్స్యాయనుడు పట్టినపట్టు విడువడు. ఒకడు చూచినదానిని మరొకడు తలచుకోలేడు గనుక, తలచుకొనేవాడే చూచినవాడు అన్నది ఆయన వాదానికి ఇరుసు. దీనికి ప్రత్యభిజ్ఞ అని పేరు.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో బాలుర కోసం తర్కసంగ్రహం వ్రాసి, దానికి తానే దీపిక అనే వ్యాఖ్య చేసినప్పుడు ఇదే వాదాన్ని రెండు మూడు వాక్యాలలో ఇమిడ్చాడు. చేయో కాలో పోయినప్పుడు దేహం మునుపటి దేహం కాదు, దేహమే ఆత్మ అయితే ఆత్మ కూడా నశించాలి, అట్లా ఎవరికీ అనుభవం లేదు అని అందులో ఒక హేతువు. ఆ శతాబ్దంలోనే, 1641లో, ఫ్రాన్సు దేశీయుడు డెకార్టు తన గ్రంథంలో ఇంచుమించు ఇదే మాట అన్నాడు. కాలు తెగిపోతే మనసులో నుండి ఏదీ తెగిపోదు, దేహం విభాజ్యం, మనసు అవిభాజ్యం, కనుక రెండూ వేరు అని ఆయన తర్కం. ఒకరి పేరు ఒకరు విని ఉండని ఇద్దరు, భూగోళం ఈ కొసనా ఆ కొసనా, తెగిన అవయవం వద్దనే నిలబడ్డారు.

అయితే డెకార్టుకు ఒక చిక్కు వచ్చిపడింది. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం వ్రాస్తూ, పొడవు వెడల్పులు లేని మనసు బరువైన దేహాన్ని కదిలించడం ఎట్లా అని అడిగింది. మహాతత్త్వవేత్త ఎన్ని ఉత్తరాలు వ్రాసినా ఆమెకు తృప్తి కలిగించలేకపోయాడు. ఈ ప్రశ్న నైయాయికులను ఇంకా ఇబ్బంది పెట్టగలదు. వారి ఆత్మ విభువు, సర్వత్రా వ్యాపించినది. అన్నిచోట్లా ఉన్న ఆత్మకు తన ఒక్క కాలిలో గుచ్చుకున్న ముల్లే ఎందుకు నొప్పి పెట్టాలి, పొరుగువాని కాలిముల్లు ఎందుకు పెట్టదు? అదృష్టం అనే కర్మసంస్కారం ఆ దేహాన్ని ఆ ఆత్మకు కట్టిపెట్టిందని వారి జవాబు. ఎలిజబెత్ రాకుమారి ఆ జవాబుకు ఒప్పుకొనేది కాదు.

బౌద్ధుల ఎదురుదాడి దీనికంటె సూక్ష్మమైనది. చూచినవాడూ తలచుకొనేవాడూ ఒకడే అని ఎందుకు అనుకోవాలి అని వారి ప్రశ్న. క్షణక్షణానికీ పుట్టి నశించే జ్ఞానాల వరుసలో ముందుది వెనుకదానికి తన ముద్ర ఇచ్చి పోతుంది. పత్తిగింజకు లక్కరంగు పట్టిస్తే ఆ ఎరుపు కాచిన పత్తిలో తేలుతుందని వారి ఉపమానం. 1781లో జర్మనీ తత్త్వవేత్త కాంటు, ఈ ఉపమానం ఎరుగకుండానే, ఇటువంటి మాటే అన్నాడు. ఒక బంతి మరొక బంతికి తన వేగమంతా అప్పగించి ఆగిపోయినట్లు, ఒక వస్తువు తన స్మృతులన్నీ మరొకదానికి అప్పగించి పోతే, చివరిదానికి మొదటినుండీ ఉన్నవాణ్ణి నేనే అనిపించదా అని ఆయన ప్రశ్న. నేను ఒక్కణ్ణే అన్న అనుభవం నిజమే కావచ్చు, అంతమాత్రాన ఆ ఒక్కటి చెదరని ద్రవ్యమని తేలదు. ఆత్మవాదానికి తగిలిన దెబ్బలలో ఇది చాలా పెద్దది.

నైయాయికులు దీనికి ఇచ్చిన ఉత్తరం మాత్రం ఈనాటికీ పదునుగానే ఉన్నది. గురువు జ్ఞానం శిష్యుని జ్ఞానానికి కారణం. అయినా గురువు బాల్యంలో తిన్న మామిడిపండు శిష్యునికి జ్ఞాపకం రాదేమి? అది వేరొక సంతానం, వేరొక వరుస అని బౌద్ధులు అంటారు. మరి ఈ జ్ఞానాలన్నీ ఒకే వరుసలోనివని నిర్ణయించేది ఏమిటి? కారణకార్యసంబంధం అంటే అది గురుశిష్యుల మధ్యా ఉన్నది. జ్ఞాపకం అంటే, దేనిని నిరూపించాలో దానినే హేతువుగా చెప్పినట్లవుతుంది. ఉదయనాచార్యుడు 10వ శతాబ్దంలో ఆత్మతత్త్వవివేకం అనే గ్రంథమంతా ఇటువంటి సందుల వెంట బౌద్ధులను తరమడానికే వినియోగించాడు. ఆ తరుములాటలో ఎవరు గెలిచారో తేలకముందే ప్రత్యర్థులు దేశం నుండి కనుమరుగైనారు. వాదంలో గెలవడమూ వాది లేకపోవడమూ ఒకటి కాదు సుమా!

ఇంతవరకు శాస్త్రార్థం. ఇరవయ్యవ శతాబ్దం దీనిని ప్రయోగశాలలోకి తెచ్చింది. మనిషి మెదడులో రెండు అర్ధగోళాలను కలిపే సేతువు ఒకటి ఉన్నది, దాదాపు 20 కోట్ల నాడీతంతువుల మోపు. తీవ్రమైన మూర్ఛవ్యాధి తగ్గడానికి కొందరు రోగులకు దానిని కోసివేశారు. అట్టివారిని 1960 తరువాతి సంవత్సరాలలో అమెరికాలో రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైఖేల్ గజానిగా పరీక్షించారు. 1981లో స్పెర్రీకి నోబెల్ బహుమతి వచ్చింది ఈ పరిశోధనకే. చూపులో ఎడమభాగాన ఒక వస్తువు బొమ్మను క్షణకాలం చూపితే, ఏమి కనబడింది అని అడిగినప్పుడు రోగి ఏమీ లేదన్నాడు. కానీ అతని ఎడమచేయి, తెర వెనుక ఉన్న వస్తువులలో తడిమి సరిగ్గా దానినే ఏరి తీసింది. మాటలాడే అర్ధగోళానికి తెలియనిది రెండవ అర్ధగోళానికి తెలిసింది.

చూచినవాడే తాకేవాడు అన్న నైయాయికుని ఇరుసు ఇక్కడ కిర్రుమన్నది. చూచినదీ తాకినదీ ఒకటే అని గుర్తించే శక్తి ఒక నరాలమోపు మీద ఆధారపడి ఉంటే, కత్తి పెట్టి కోయదగిన దానిని అవిభాజ్యమని ఎట్లా అనడం? నైయాయికునికి ఒక దారి లేకపోలేదు. కోసినది ఆత్మను కాదు, ఆత్మకు పరికరమైన మనస్సు నడిచే దారిని అనవచ్చు. ఆ రోగులు ఇంట్లో, వీధిలో ఇద్దరు మనుష్యులవలె కాక ఒక్కరివలెనే మెలగారని కూడా గుర్తుచేయవచ్చు. 2017లో యైర్ పింటో, ఆయన సహచరులు అటువంటి రోగులలో గ్రహణం విడిపోయినా చైతన్యం విడిపోలేదని వాదించారు. ఆ వివాదం అక్కడితో ముగియలేదు. కానీ ప్రతి ఓటమికీ పరికరాన్నే నిందించే వాదాన్ని ఏ ప్రయోగమూ ఓడించలేదు, ఏ ప్రయోగమూ గెలిపించలేదు. ఈ ధర నైయాయికుడు చెల్లించక తప్పదు.

అంటే ప్రత్యభిజ్ఞావాదం కూలిపోయినట్లా? కాదు. అది ఎంత నిరూపించగలదో అంతే నిరూపించిందని ఒప్పుకోవడం న్యాయం. కన్ను కాదు, చేయి కాదు, ఏ ఒక్క కణమూ కాదు, అయినా తెలుసుకొనేది ఒకటి ఉన్నదని, దానిని తెలియబడే వస్తువుల జాబితాలో చేర్చడం కుదరదని అది చూపింది. మెదడు చిత్రాలు ఎన్ని తీసినా, ఆ చిత్రాలలో కనబడే కదలిక పులుపుగా తోస్తున్నది ఎవరికి అన్న ప్రశ్న అట్లాగే ఉన్నది. 1714లో లైబ్నిట్జు, ఆలోచించే యంత్రాన్ని తిరగలిమర అంత పెంచి లోపలికి వెళ్ళి చూచినా ఒకదానినొకటి నెట్టే చక్రాలే కనబడతాయి గాని ఆలోచన కనబడదని చెప్పాడు. అరణిని దంచిన కుర్రవాడు ఆ మరలోనూ తిరిగి ఉండవలసినదే. ఇక ఆ ఒకటి నిత్యమని, దేహం పోయినా ఉంటుందని ఈ వాదం చెప్పలేదు. దానికోసం గౌతముడు వేరే హేతువులు వెదకవలసి వచ్చింది. పుట్టిన బిడ్డ ఎవరూ నేర్పకుండా పాలకు వెదుకుతున్నది గనుక పూర్వజన్మాభ్యాసం ఉన్నదన్నది అందులో ఒకటి. వంశపారంపర్యం గురించి తెలిసిన ఈ కాలంలో ఆ హేతువు నిలవదు.

పైగా ఇంత శ్రమపడి సాధించిన నిత్యాత్మ నైయాయికునికి చివరకు ఇచ్చేదేమిటి? మోక్షంలో దేహం, మనస్సు విడిపోగానే జ్ఞానమూ సుఖమూ దుఃఖమూ అన్నీ పోతాయని వారి మతం. మిగిలేది ఏ ఎరుకా లేని ఆత్మ. శ్రీనాథుని మూలంగా తెలుగువారికి సుపరిచితుడైన నైషధకర్త శ్రీహర్షుడు, చార్వాకుని నోట దీనినే ఎగతాళి చేయించాడు. తెలివిగలవారికి రాతితనాన్ని ముక్తిగా బోధించిన గోతముడు పేరుకు తగినట్లు గోవులలో మేటి అని చమత్కారం. పరిహాసమే అయినా అది తగలవలసిన చోటనే తగిలింది.

ఈ చర్చ పండితులకు పొద్దుపుచ్చడమే అయితే ఇంత దూరం రానక్కరలేదు. దీనిమీద ఆధారపడిన మనుష్యులు ఉన్నారు. 1901లో ఫ్రాంక్‌ఫర్టు పట్టణంలో ఆగస్టే డిటర్ అనే స్త్రీని అలాయిస్ అల్జీమర్ అనే వైద్యుని వద్దకు తెచ్చారు. ఆమె వయస్సు 51. పేరు వ్రాయమంటే మొదలుపెట్టి మధ్యలో మరచిపోయేది. తనను తాను పోగొట్టుకున్నానని ఆమె అన్నట్లు కథనం. 1906లో ఆమె మరణించింది. ఆమె మెదడును పరీక్షించి అల్జీమర్ చెప్పిన సంగతులే తరువాత ఆయన పేరు మోసే వ్యాధికి మొదటి వర్ణన.

ఆత్మకు స్మృతినే సాక్షిగా నిలబెట్టిన వాదం ఈ స్త్రీ ముందు ఏమని చెబుతుంది? జ్ఞాపకమే పోయిన చోట ఆత్మ కూడా పోయిందని దేహాత్మవాది అంటే తొందరపడి కాదనరాదు. ఆమెకు జరిగినదంతా మెదడులో, భౌతికంగా, సూక్ష్మదర్శిని కింద కనబడేంత స్పష్టంగా జరిగింది. అయినా ఆ మాటలో చిత్రమైన సంగతి ఒకటి ఉన్నది. పోగొట్టుకున్నది ఆమె స్మృతి, పేరు, గడచిన జీవితం. పోగొట్టుకున్నానని తెలుసుకున్నది ఎవరు? నష్టాన్ని గుర్తించి దుఃఖించే ఒకరు, ఆ నష్టమైన జాబితాలో ఇంకా చేరలేదు. వ్యాధి మరికొంత ముదిరిన తరువాత ఆ మాట కూడా ఉండదని ప్రతివాది గుర్తుచేయవచ్చు. గుర్తుచేయడం న్యాయమే.

అక్కడ నైయాయికుని సంచిలో ఇంకొక పనిముట్టు మిగిలి ఉన్నది. స్మృతి ఆత్మకు లింగం, అనగా గుర్తు, స్వరూపం కాదు. పొగను చూచి నిప్పును ఊహించవచ్చు గాని, పొగ లేదు గనుక నిప్పు లేదని అనరాదు. దీనికి తర్కశాస్త్రంలో ప్రతి విద్యార్థీ వల్లెవేసే దృష్టాంతం బాగా కాలిన ఇనుపగుండు. అందులో పొగ లేదు, నిప్పు ఉన్నది. కస్సపుడు పాయాసి ముందు పెట్టినదీ కాలిన ఇనుపగుండే. బరువు గురించి ఆయన చెప్పినది తప్పు. నైయాయికుడు పొగ గురించి చెప్పినది మాత్రం ఒప్పు. అయితే పొగలేని గుండులో నిప్పు ఉన్నదని పొగ చెప్పదు. దగ్గరికి పోయి చేయి పెట్టినవానికే తెలియాలి.

మతి పోయిన తల్లికి ముద్ద కలిపి పెట్టే కూతురు, పేరు చెప్పినా గుర్తుపట్టని ఆ ముఖంలోకి చూస్తూ, అమ్మా, ఇంకొక్క ముద్ద, అంటుంది. గిన్నెతో గాని గోడతో గాని ఎవరూ అట్లా మాటలాడరు. ఆ పిలుపు ప్రమాణం కాదని తార్కికుడు అనవచ్చు. అది అలవాటు, మమకారం, ఆశ అని కూడా అనవచ్చు. ఆమెను మాత్రం ఆ సంబోధన మానుకొమ్మని ఏ చార్వాకుడూ ఇంతవరకు చెప్పలేదు.